రకాలుగా విడదీయడం ఎలా: పరిశోధనలో వర్గీకరణకు సమగ్ర మార్గదర్శి

మీ దగ్గర 300 క్షమాపణ సందేశాలు ఉన్నాయనుకుందాం. ఒకదాంట్లో ఉత్త "సారీ" అనే ఉంది. ఇంకొకరు "నా వల్లే ఆలస్యమైంది, రేపటికల్లా పంపిస్తాను" అని రాశారు. మరొకరు "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అన్నారు. "క్షమాపణలు ఎన్ని రకాలు?" అన్నది మీ పరిశోధనాంశం. చాలామంది వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచి, ఎదురుగా ఒక కాలమ్‌లో తోచిన పేరల్లా రాసుకుంటూ పోతారు. నాలుగు రోజులకు 17 రకాలు తేలతాయి. పదో పేజీలో ఒక పేరు పెట్టినదానికే నూరో పేజీలో ఇంకో పేరు ఉంటుంది. ఇక "ఇతరములు" అన్న గడిలో మూడో వంతు సందేశాలు పోగుపడి ఉంటాయి. నా మొదటి ప్రయత్నం సరిగ్గా ఇలాగే ముగిసింది. ఆ తర్వాత వేరే వేరే శాస్త్రాలవాళ్లు ఈ పని ఎలా చేస్తారో చదువుతూ వచ్చాను. వాళ్ల దగ్గర నేర్చుకున్న క్రమమే ఇక్కడ రాస్తున్నాను. ఈ సందేశాల ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకెళ్దాం.

మొదటి మెట్టు: ఎందుకు విడదీస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

పాలరాయి ఏ రకం? భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి అడిగితే రూపాంతర శిల అంటాడు. సున్నపురాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారితే పాలరాయి అయింది కాబట్టి అతనికి పుట్టుకే ముఖ్యం. కట్టడాల ఇంజనీరుకు పుట్టుకతో పనిలేదు. ఎంత బరువు మోస్తుంది, ఎంత నీరు పీలుస్తుంది అన్నదాన్నిబట్టి ఆ రాయిని వేరే వరుసలో పెడతాడు. ఇద్దరిదీ సరైన వర్గీకరణే, ఎందుకంటే ఇద్దరి ప్రశ్నలు వేరు.

మన సందేశాల సంగతీ అంతే. "ఎలాంటి క్షమాపణ తర్వాత మనస్పర్ధ తీరుతుంది?" అన్నది మీ ప్రశ్న అయితే, తప్పు ఒప్పుకున్నారా లేదా అన్నది చూడాలి. "మర్యాద మాటల్లో ఎలా పలుకుతుంది?" అన్నది ప్రశ్న అయితే క్షమించు, క్షమించండి, మన్నించగలరు అన్న క్రియారూపాలు చూడాలి. రెండూ ఒకే పట్టికలో కలిపితే ఏ ప్రశ్నకూ జవాబు దొరకదు. కాబట్టి ఈ వాక్యాన్ని పూర్తి చేసి కళ్లెదురుగా అంటించుకోండి: "నేను ఫలానావాటిని రకాలుగా విడదీస్తున్నది ఫలానా సంగతి తెలుసుకోవడానికి." ఈ వాక్యం కుదరకపోతే రెండో మెట్టు ఎక్కకండి.

రెండో మెట్టు: మీ వర్గీకరణ ఏ ఆకారంలో ఉండాలో తేల్చుకోండి

అన్ని శాస్త్రాలూ ఒకేలా విడదీయవు. నాకు తెలిసినంతలో నాలుగు ఆకారాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తొందరపడకుండా కూర్చుని ఆలోచించాల్సిన మెట్టు ఇదే.

ఒకటి వంశవృక్షం. జీవశాస్త్రానిది ఇదే పద్ధతి. 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ మొక్కలను పువ్వులోని కేసరాల లెక్కనుబట్టి 24 తరగతులుగా విడదీశాడు. లెక్కపెట్టడం తేలిక కాబట్టి ఎవరికైనా పనికొచ్చేది. కానీ అందులో చుట్టరికం లేని మొక్కలు ఒకచోట చేరాయి. ఇప్పటి జీవశాస్త్రజ్ఞులు పోలికను కాక పుట్టుకను చూస్తారు. మొసలి చూడ్డానికి బల్లిలా ఉన్నా చుట్టరికంలో పక్షులకే దగ్గర. మీరు విడదీసే వస్తువులు నిజంగా ఒకదాని నుంచి ఒకటి పుట్టినవైతేనే వృక్షం గీయండి. క్షమాపణలు ఒకదాని నుంచి ఒకటి పుట్టవు కాబట్టి మన సందేశాలకు ఈ ఆకారం పనికిరాదు.

భాషాశాస్త్రం ఈ తేడాను ఎంతో శుభ్రంగా పాటిస్తుంది. తెలుగు వంశం ద్రావిడం. రకం చూస్తే కర్త, కర్మ, క్రియ వరుసలో నడిచే భాష. జపనీస్, టర్కిష్ కూడా ఆ వరుసలోనే నడుస్తాయి, అయినా వాటికీ తెలుగుకూ చుట్టరికం ఉందని రుజువు కాలేదు. వంశం వేరు, రకం వేరు. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలను పక్కపక్కన పెట్టి పద క్రమాన్ని పరిశీలించాడు. క్రియ చివర వచ్చే భాషల్లో "మీద", "కింద", "తో" వంటి మాటలు నామవాచకం తర్వాతే వస్తాయని, ఈ రెండు లక్షణాల జత యాదృచ్ఛికం అనుకోలేనంత ఎక్కువగా కనిపిస్తోందని చూపించాడు. "బల్ల మీద" అనే మనకు ఇది వింతగా అనిపించదు. కానీ ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఒక లక్షణంతో రకం కట్టాడు, ఆ రకం తెలిస్తే, దాన్ని కట్టడంలో లెక్కలోకి తీసుకోని ఇంకో లక్షణం కూడా తెలిసిపోయింది. వర్గీకరణ మంచిదా కాదా అని చూడ్డానికి నేను పెట్టుకున్న గీటురాయి ఇదే. రకం పేరు వినగానే, ఆ రకాన్ని కట్టడానికి వాడని సంగతి కూడా ఏదో ఒకటి చెప్పగలగాలి. చెప్పలేకపోతే మీ దగ్గరున్నవి రకాలు కావు, సర్దుకోవడానికి పెట్టుకున్న పెట్టెలు.

రెండో ఆకారం గడుల పట్టిక. రెండు ప్రమాణాలు తీసుకుని ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని అడ్డంగా పరుస్తారు. మెండలీవ్ 1869లో వేసిన మూలకాల పట్టిక అందరికీ తెలిసిందే: ఒక ప్రమాణం పరమాణు భారం, ఇంకోటి గుణాల పోలిక. అందులో నాకు నచ్చేది ఆయన నింపినవాటి కంటే ఖాళీగా వదిలిన గడులు. సిలికాన్ కింద ఒక మూలకం ఉండాలని, దాని పరమాణు భారం 72 దాకా ఉంటుందని 1871లో అంచనా కట్టాడు. 1886లో జర్మేనియం దొరికింది. దాని భారం నేటి కొలతలో 72.6. అంతకుముందే 1875లో గాలియం, 1879లో స్కాండియం దొరికి మరో రెండు ఖాళీలు నిండాయి. ఇంకో సంగతి. టెల్యూరియం అయోడిన్ కంటే బరువు, అంటే బరువుల లెక్కన అయోడిన్ తర్వాత రావాలి. కానీ గుణాలు చూసి ఆయన దాన్ని అయోడిన్ ముందే పెట్టాడు. అది ఎందుకు సరైందో 1913లో మోస్లీ పరమాణు సంఖ్య ఆధారంగా చూపించేదాకా తేలలేదు. ప్రమాణానికీ వస్తువులకూ పొత్తు కుదరనప్పుడు ఆయన వస్తువులవైపు నిలబడ్డాడు.

మూడోది ఆదర్శ నమూనా. సమాజ శాస్త్రజ్ఞుడు మాక్స్ వెబర్ అధికారాన్ని మూడు విధాలుగా చెప్పాడు: సంప్రదాయం వల్ల వచ్చేది, నాయకుడి అసాధారణ ఆకర్షణ వల్ల వచ్చేది, చట్టం వల్ల వచ్చేది. ఏ నాయకుడూ వీటిలో ఒక్కదానిలోనే ఇమడడు. ఇమడాలని వెబర్ అనలేదు కూడా. ఇవి పెట్టెలు కావు, కొలబద్దలు. ఎవరు దేనికి ఎంత దగ్గర అని చూడటానికి ఉద్దేశించినవి. వీటిని పట్టుకుని "ఈయన ఏ గడిలోకి వస్తాడు?" అని అడిగితే ప్రశ్నే తప్పవుతుంది.

నాలుగోది కొనసాగే కొలత మీద పెట్టిన కోత. కొప్పెన్ శీతోష్ణ వర్గీకరణలో ఉష్ణమండల వాతావరణం అనిపించుకోవాలంటే అతి చల్లని నెలలో కూడా సగటు 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 17.9 దగ్గర ప్రకృతిలో ఏ గోడా లేదు, గీత మనం గీసిందే. అయినా పనికొస్తుంది, గీత మనదేనని మరిచిపోనంత వరకు. మనుషుల స్వభావాన్ని రకాలుగా చెప్పే పరీక్షల్లో నాకు కనిపించే లోపం ఈ మరుపే. అంతర్ముఖత, బహిర్ముఖత కొలిచి చూస్తే ఎక్కువమంది నడిమధ్యనే ఉంటారు. రెండు గుట్టలు ఏర్పడవు. గుట్ట ఒక్కటే ఉన్నప్పుడు రెండు రకాలని పేరు పెట్టకండి, కొలతను కొలతగానే ఇవ్వండి.

మూడో మెట్టు: చీటీలు రాయండి

ఆకారం ఊహించుకున్నాక వెంటనే మొత్తం 300 మీద పడొద్దు. 50 సందేశాలు తీయండి, ఒక్కొక్కటి ఒక్కో చీటీ మీద రాయండి. తెర మీద కాదు, కాగితం మీదే. చీటీని చేత్తో ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి జరిపేటప్పుడు కలిగే తటపటాయింపు మీకు చాలా చెబుతుంది. దాన్ని చీటీ వెనకవైపు రాసుకోండి.

ఈజిప్టులో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫ్లిండర్స్ పెట్రీ ఈ చీటీల పద్ధతితోనే పని చేశాడు. రాజవంశాలకు ముందరి కాలపు సమాధులు, రాతలు లేనివి, ఏది ముందో ఏది వెనకో తెలియనివి. ఒక్కో సమాధిలో ఏయే రకం కుండలున్నాయో ఒక్కో చీటీ మీద రాసి, సుమారు 900 చీటీలను ముందుకూ వెనక్కూ జరుపుతూ వరుస కట్టాడు. ఒక రకం కుండకు అలల్లాంటి పిడులు ఉండేవి. కాలం గడిచేకొద్దీ ఆ పిడులు చిన్నవై, చివరికి కుండ మీద ఉత్త అలల గీతగా మిగిలాయి. ఆ మార్పే ఆయనకు దారి చూపింది. వరుస కుదిరాక దానికి 30 నుంచి 80 దాకా అంకెలు వేశాడు. 1 నుంచి 29 దాకా ఖాళీగా వదిలాడు, ఇంకా పాతవి ఎప్పుడైనా దొరకవచ్చునని. దొరికాయి కూడా. తర్వాత బయటపడ్డ బదారి సంస్కృతి ఆ ఖాళీలోనే చోటు చేసుకుంది.

మీ పట్టికలోనూ ఇలా చోటు వదలండి.

నాలుగో మెట్టు: ఒక్కోసారి ఒక్క ప్రశ్నే అడగండి

వర్గీకరణలు ఎక్కువగా చెడేది ఇక్కడే. "నిజాయితీ క్షమాపణ, పొట్టి క్షమాపణ, ఆఫీసు క్షమాపణ" అంటే మూడు పేర్లూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకటి భావం, ఒకటి పొడవు, ఒకటి సందర్భం. ఆఫీసులో నిజాయితీగా రాసిన పొట్టి సందేశం మూడింటిలోనూ పడుతుంది.

దీనికి విరుగుడు గ్రంథాలయ శాస్త్రంలో ఉంది. ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణలో పుస్తకాన్ని నేరుగా ఒక పెట్టెలో వేయరు. పుస్తకాన్ని ముఖాలుగా విప్పుతారు: ఏ ప్రధాన విషయం, ఏ పదార్థం, ఏ ప్రక్రియ, ఏ చోటు, ఏ కాలం. ఒక్కో ముఖానికి విడిగా జవాబు రాసి, చివర్లో కలుపుతారు.

మన సందేశాలకు రెండు ముఖాలు చాలు. తప్పు తనదేనని ఒప్పుకున్నారా? సరిదిద్దుతానని అన్నారా? అవును, కాదు అన్న జవాబులతో నాలుగు గడులొస్తాయి. "నా వల్లే ఆలస్యమైంది, రేపటికల్లా పంపిస్తాను" రెండింటికీ అవును. "సారీ" రెండింటికీ కాదు. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" కూడా రెండింటికీ కాదే. అంటే అది "సారీ"తో ఒకే గడిలో పడుతోంది. చదివినవాళ్లకు అవి రెండూ ఒకేలా తగులుతాయా? తగలవు. మొదటిది తప్పు ఎవరిదన్నది ఎత్తనేలేదు. రెండోది ఎత్తి, బాధపడటం అవతలివారి మీదికి నెట్టింది. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబులు మూడు చేయాలి: ఒప్పుకున్నారు, ఎత్తలేదు, తప్పించుకున్నారు. ఇప్పుడు ఆరు గడులు. అందులో ఒకటి ఖాళీగా ఉంది: తప్పించుకుంటూనే సరిదిద్దుతాననడం. 50 చీటీల్లో అలాంటిది లేదు. మిగిలిన 250లో వెతకండి. "ఇది నా తప్పు కాదు, అయినా మళ్లీ చేసి ఇస్తాను" లాంటిది ఒక్కటి దొరికినా మీ పట్టిక మీకు తెలియని సంగతి చెప్పినట్టే.

ఐదో మెట్టు: నిర్వచనాన్ని మూడు దోషాలతో పరీక్షించండి

మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం లక్షణానికి, అంటే నిర్వచనానికి, మూడు దోషాలు చెప్పింది. ఇంతకంటే చక్కని పరీక్ష నేను చూడలేదు. ఆవును "కపిల వర్ణం గలది" అంటే తెల్లావులు బయట మిగిలిపోతాయి. అది అవ్యాప్తి. "కొమ్ములు గలది" అంటే గేదెలూ లోపలికొస్తాయి. అది అతివ్యాప్తి. "ఒంటి గిట్ట గలది" అంటే ఒక్క ఆవు కూడా మిగలదు, ఎందుకంటే ఆవు గిట్ట చీలి ఉంటుంది. అది అసంభవం.

మీరు రాసిన ప్రతి నిర్వచనాన్నీ ఈ మూడింటితో తట్టి చూడండి. "ఒప్పుకోవడం అంటే నా తప్పు అన్న మాట ఉండటం" అని రాశారనుకోండి. "నేను అలా చేయకుండా ఉండాల్సింది" అన్నది బయటపడిపోతుంది, అది అవ్యాప్తి. "నా తప్పేముంది ఇందులో?" అన్నది లోపలికి వచ్చేస్తుంది, అది అతివ్యాప్తి. సరిచేసి రాయండి: "జరిగినదానికి కారణం తన చేష్టేనని చెప్పినవారు సూటిగా అన్నది." దాని కింద కచ్చితంగా చేరే ఉదాహరణ ఒకటి, చేరేలా కనిపించినా చేరనిది ఒకటి పెట్టండి. చేరని ఉదాహరణే ఎక్కువ పని చేస్తుంది.

ఆరో మెట్టు: ఇంకొకరి చేత చేయించండి

నిర్వచనాలు రాసిన కాగితం తప్ప ఏమీ చెప్పకుండా ఒక స్నేహితుడికి 100 సందేశాలు ఇవ్వండి. మీరూ విడిగా అవే 100 చేయండి. మధ్యలో మాట్లాడుకోకండి.

ఎన్నింటిలో కలిశారన్న శాతం చూసి సంతోషపడొద్దు. తేలిక కోసం "ఒప్పుకున్నారు", "ఒప్పుకోలేదు" అని రెండే గడులు తీసుకుందాం. మీరు 80కి అవునన్నారు, ఆయనా 80కి అవునన్నారు. ఇద్దరూ అవునన్నవి 70, ఇద్దరూ కాదన్నవి 10. అంటే 100లో 80 కలిశాయి. బాగానే ఉన్నట్టుంది. కానీ ఇద్దరూ సందేశాలు చదవకుండా, నూటికి 80 లెక్కన అవును గుడ్డిగా పెట్టుకుంటూ పోయినా ఎన్ని కలుస్తాయి? అవును దగ్గర 0.8 ఇంటూ 0.8, అంటే 0.64. కాదు దగ్గర 0.2 ఇంటూ 0.2, అంటే 0.04. మొత్తం 0.68. గుడ్డిగా చేసినా 68 కలిసేవి! మీరు నిజంగా సాధించింది ఆపైన ఉన్న 12 మాత్రమే, సాధించగలిగేది 32. 12ను 32తో భాగిస్తే 0.375. దీన్ని కోహెన్ కప్పా అంటారు, 1960 నుంచి వాడుకలో ఉంది. 0.375 అంటే నిర్వచనం ఇంకా మీ తలలోనే ఉంది, కాగితం మీదికి రాలేదు.

ఇప్పుడు తేడా వచ్చిన 20 సందేశాల దగ్గర ఇద్దరూ కూర్చోండి. ఎవరిది ఒప్పు అని వాదించుకోవద్దు. నిర్వచనంలోని ఏ మాట ఇద్దర్నీ రెండు దారులు పట్టించిందో వెతకండి. ఆ మాట మార్చి, కొత్త 100 సందేశాల మీద మళ్లీ చేయండి. పాతవాటి మీద మళ్లీ చేస్తే గుర్తుండి కలుస్తాయి, అది లెక్కలోకి రాదు.

ఏడో మెట్టు: మిగిలిపోయినవాటిని గౌరవించండి

1799లో ఆస్ట్రేలియా జంతువైన ప్లాటిపస్‌ను వర్ణించినప్పుడు చర్మానికి బాతు ముక్కు ఎవరో కుట్టారేమోనన్న అనుమానం వచ్చింది. అది గుడ్లు పెడుతుందా లేదా అన్నది 1884 దాకా తేలలేదు. తేలాక శాస్త్రజ్ఞులు దాన్ని క్షీరదాల్లోంచి బయటికి నెట్టలేదు. పిల్లల్ని కనడం క్షీరదానికి తప్పనిసరి లక్షణం కాదని నిర్వచనాన్నే సరిదిద్దుకున్నారు.

ఖగోళ శాస్త్రంలో ఇంకా లోతైన ఉదాహరణ ఉంది. 1941లో మింకోవ్‌స్కీ పేలిపోయే నక్షత్రాలను, అంటే సూపర్నోవాలను, రెండు రకాలు చేశాడు. కాంతిలో హైడ్రోజన్ జాడ లేనివి ఒకటో రకం, ఉన్నవి రెండో రకం. ఒకటో రకంలో కొన్ని మిగతావాటిలా లేవని తర్వాత గమనించి 1ఎ, 1బి, 1సి అని విడదీశారు. చివరికి తేలిందేమిటంటే 1బి, 1సి పేలే తీరు 1ఎ కంటే రెండో రకానికే దగ్గర. అవి గర్భం కుప్పకూలి పేలే పెద్ద నక్షత్రాలు, పైపొర హైడ్రోజన్ ముందే పోగొట్టుకున్నవి. 1ఎ అంటే శ్వేత కుబ్జ తార, అంటే ఇంధనం అయిపోయి కుదించుకుపోయిన నక్షత్రం, అణుదహనంతో పేలడం. పైకి కనిపించే గుర్తుతో చేసిన విభజన, లోపలి కారణంతో చేసిన విభజన అడ్డంగా కోసుకున్నాయన్నమాట.

మీ "ఇతరములు" గడిలో నూటికి 5 మించి చేరితే ఆగి, అవన్నీ ఒకచోట పరిచి చదవండి. ఈ 5 నేను పాటించే హద్దు, ఏ శాస్త్రమూ పెట్టిన నియమం కాదు.

ఎనిమిదో మెట్టు: కంప్యూటర్ చెప్పిన గుంపులను నమ్మే ముందు

సాఫ్ట్‌వేర్‌కు మూడు గుంపులు చేయమంటే మూడు చేస్తుంది, ఏడు చేయమంటే ఏడు చేస్తుంది. గుంపులు నిజంగా ఉన్నాయా అని అది మిమ్మల్ని అడగదు. 1936లో గణాంక శాస్త్రజ్ఞుడు ఫిషర్ వాడిన ఐరిస్ పువ్వుల కొలతలు నేటికీ విద్యార్థులు నేర్చుకునే డేటా: మూడు జాతులు, జాతికి 50 చొప్పున 150 పువ్వులు. సెటోసా విడిగా నిలబడుతుంది. వర్సికలర్, వర్జినికా అంచులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. మూడు జాతులని ముందే తెలియకపోతే రెండు గుంపులని తీర్పు చెప్పినా తప్పు పట్టలేం. కాబట్టి డేటాను రెండు సగాలు చేసి విడివిడిగా నడపండి. రెండు సగాల్లోనూ అవే గుంపులు వస్తేనే ముందుకు వెళ్లండి.

తొమ్మిదో మెట్టు: పేరు పెట్టడం

పేరులో సిద్ధాంతం దాచకండి. మధుమేహాన్ని ఒకప్పుడు "ఇన్సులిన్ మీద ఆధారపడేది, పడనిది" అనేవారు. రెండో కోవ రోగులకూ ఇన్సులిన్ అవసరమవుతుండటంతో ఆ పేరు తికమక పెట్టేది. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల సంఘం టైప్ 1, టైప్ 2 అన్న పేర్లే వాడమంది. అంకె ఏమీ చెప్పదు, అందుకే అబద్ధమూ చెప్పదు. అంకెలకూ అక్షరాలకూ ఒక చిక్కుంది, వరుసను సూచిస్తాయి. నక్షత్రాల రకాలకు మొదట అక్షరక్రమంలో పేర్లు పెట్టారు. తర్వాత ఖగోళ శాస్త్రజ్ఞురాలు యానీ జంప్ కేనన్ వాటిని సర్దితే వరుస ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అయింది. అది ఉష్ణోగ్రత వరుస. అక్షరాలు మాత్రం పాతవే ఉండిపోయాయి.

వర్గీకరించేది మనుషులనైతే ఇంకొంచెం ఆగండి. రాయికి పేరు పెడితే రాయి మారదు. మనిషికి పెట్టిన పేరు అతని చెవిన పడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు దాన్నిబట్టి నడుచుకుంటారు. స్వలింగ సంపర్కాన్ని మానసిక రోగాల జాబితాలోంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో తీసేసింది. అప్పటిదాకా ఆ ఒక్క గడి ఎంతమంది జీవితాలను పట్టి ఉంచిందో తలచుకోండి. మీ పట్టికలో మనుషులుంటే ఆ పేరును వాళ్లకే చదివి వినిపించి చూడండి.

చివరి పరీక్ష

ఇక గీటురాయి మీద పెట్టండి. 300 సందేశాల్లో ప్రతిదానికీ అవతలివారు ఏం జవాబిచ్చారో, అసలు ఇచ్చారో లేదో మీ దగ్గర ఉంటే బయటికి తీయండి. గడులు కట్టేటప్పుడు దాన్ని వాడలేదు కాబట్టి ఇప్పుడు సాక్షిగా పనికొస్తుంది. "తప్పించుకున్నారు" వరుసకూ "ఎత్తలేదు" వరుసకూ వచ్చిన జవాబుల్లో తేడా కనిపిస్తే, వాటిని విడదీసినందుకు ఫలితం దక్కింది. కనిపించకపోతే, కనీసం ఈ ప్రశ్న వరకు ఆ రెండు వరుసలనూ మళ్లీ కలిపేయండి.

కలిపినా, విడదీసినా ఆ పట్టికకు తేదీ, కూర్పు సంఖ్య వేయండి. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ 2022 జనవరిలో 11వ కూర్పుకు మారినప్పుడు పాత కోడ్‌లకూ కొత్త కోడ్‌లకూ జత చూపే పట్టికలు కూడా ఇచ్చారు. మీరూ ఒక పేజీ అలాంటిది రాసిపెట్టండి: మొదటి కూర్పులో ఈ గడి, రెండో కూర్పులో ఈ గడి, మార్చడానికి కారణం ఈ చీటీ. ఆ చీటీలను పారేయకండి.